హబ్షీ గల్లీ బోర్డు

నేను ఒక ఇనుప రేకును. నీలం ఎనామెల్ మీద తెల్లని అక్షరాలు పడ్డాక 'హబ్షీ గల్లీ'ని అయ్యాను. ఆ పేరు పెట్టింది అక్కడివాళ్లు కాదు. ఎప్పుడో గుర్రపు దళంలో పనిచేయడానికి ఆఫ్రికా నుంచి హైదరాబాదు వచ్చిన సిపాయిల సంతానం ఆ గల్లీలో ఉండేది. వాళ్ల నల్లని ఒంటిని చూసి బయటివాళ్లు వెక్కిరించిన పిలుపే నా మీదికి ఎక్కింది. మొదట్లో గల్లీవాళ్లు నన్ను చూడకుండా నడిచిపోయేవాళ్లు. తర్వాత నాకే ఆనుకుని రిక్షావాళ్లతో బేరాలాడారు. గాయాన్ని కూడా చిరునామా చేసుకోగలరు మనుషులు.

ఫ్లైఓవర్ కోసం గల్లీని కూల్చిన రోజు అక్కడే ఉండే ముసలి మర్జాన్ సాహెబ్ ఇంట్లో బీరువాను వదిలేసి నన్ను ఊడబీకి చంకన పెట్టుకున్నాడు. బదులుగా ఊరి చివర సర్కారు ఇచ్చిన ఫ్లాటులో తలుపు పైన బిగించబోతే కూతురు షాహీన్ సుత్తి లాక్కుంది.

"గల్లీ పోయింది అబ్బాజాన్. తిట్టొక్కటి మోసుకొచ్చినవా?"

"తిట్టు గాదు బేటీ, మన జాగా."

"బడిలో నా కొడుకును ఏమంటున్నరో ఎరుకనా? ఇగ బోర్డు గూడ పెట్టు, తిట్టెటోళ్లకు ఇల్లు ఎతుక్కునే పని తప్పుతది!"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

నన్ను మంచం కిందికి తోశారు. మధ్యాహ్నాలు ముసలాయన చెయ్యి కిందికి జారి నా అక్షరాలను తడిమేది. ఊడ్చేటప్పుడు షాహీన్ చీపురు నాకు తగలకుండా పక్కకు తిప్పేది. అసహ్యానికి అంత జాగ్రత్త ఎందుకో నాకు అర్థం కాలేదు.

కూలిపోయిన బస్తీల చరిత్రను భద్రపరుస్తామని మ్యూజియంవాళ్లు వచ్చినప్పుడు షాహీన్ వెంటనే ఒప్పుకుంది.

"ఇయ్యి అబ్బాజాన్. ఆడ ఇజ్జత్‌తోని ఉంటది."

"ఉంటది. దాని కింద ఎవరుంటరు?"

ఆమె వంగి నన్ను మంచం కింది నుంచి బయటికి లాగింది. ఆయన ఇచ్చేశాడు.

ఇప్పుడు నా మీద దీపం ఉంది. వచ్చినవాళ్లు నా పేరును మర్యాదగా చదువుతారు. ఆ పేరుతో ఎవరూ ఎవరినీ పిలవరు.

ఒకరోజు తండ్రీ కూతుళ్లిద్దరూ వచ్చారు. ఆయన నా ముందు నిలబడ్డాడు, ఆమె కాస్త వెనక. పక్కనున్న కాలేజీ అమ్మాయి వాళ్లను చూసి ఫోను తీసింది.

"అంకుల్, మీరు ఈ గల్లీవాళ్లేనా? చెప్తే రికార్డు చేసుకుంటాను."

మర్జాన్ సాహెబ్ కళ్లు మెరిశాయి. వెనక్కి తిరిగి కూతురి మొహం చూశాడు. ఆ మెరుపు ఆరిపోయింది.

"కాదమ్మా. ఊరికె చూద్దామని వచ్చినం."

"మేం ఆ గల్లీ..." అనబోతూ షాహీన్ నోరు తెరిచింది. అప్పటికే ఆ అమ్మాయి సారీ చెప్పి పక్క గదిలోకి వెళ్లిపోయింది.