కంటి నర్సుకు పని పెట్టొద్దు

టపా జీపు డ్రైవరు సొద్నోమ్ పొద్దున్నే టీకి ఆగాడు. గిన్నె అందుకుంటూ మామూలుగా అన్నాడు: "మధ్యాహ్నం నా బండిలో మీ కంటి నర్సు జిల్లాకి వెళ్ళిపోతోందన్నా. రెండు పెట్టెలతో."

గొంచిగ్ తన గిన్నె కింద పెట్టాడు. "సెలవు మీదేమో?"

"సెలవు మీద పోయేవాళ్ళు పరుపు కూడా చుట్టుకుపోతారా?"

గొంచిగ్ ఆ చుట్టుపక్కల మేసే మందలకూ, నలభై రెండు గుడారాలకూ పెద్ద. కంటి నర్సు కావాలని ఆరేళ్ళు అర్జీ మీద అర్జీ పెట్టగా మొదట ఒక కుర్రాణ్ణి పంపారు. ఏడు వారాలు ఉండి వెళ్ళిపోయాడు. మళ్ళీ కాళ్ళావేళ్ళా పడితే కిందటి శరత్కాలంలో ఈ అనుదారిని పంపారు. ఈమె కూడా పోతే ఇక మమ్మల్ని అడగొద్దని జిల్లా ఆఫీసులో మొహం మీదే చెప్పారు.

జీపు వెళ్ళింది. గొంచిగ్ బయటికెళ్ళి గుర్రాన్ని చూశాడు. లోపలికొచ్చాడు. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు. మళ్ళీ బయటికెళ్ళాడు.

"కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు?" అంది భార్య డుల్మా. "పొయ్యి మీద పాలున్నాయి, తన్నేసేలా ఉన్నావు. పోయి ఆ పిల్లనే అడుగు."

వైద్యశాల గదిలో అనుదారి పుస్తకాలు పెట్టెలో సర్దుతోంది. పొయ్యి మండుతోంది. పక్కన పిడకలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. అవి గొంచిగ్ పంపినవే.

"మావల్ల ఏం లోటు జరిగిందమ్మా?"

"ఏ లోటూ లేదు బాబాయ్. మాంసం పంపారు, పిడకలు పంపారు, పండక్కి కొత్త అంగీ కుట్టించారు. లోటు రోగులదే." ఆమె తలెత్తలేదు. "ఐదు నెలల్లో పదకొండు మంది వచ్చారు. నేనే గుడారాలకి వెళ్ళి కళ్ళెలా ఉన్నాయని అడిగితే అందరూ బాగున్నాయనే అంటారు. నేర్చుకున్నదంతా చేతుల్లోంచి జారిపోతోంది. అక్కడ జిల్లాలో నా తోటివాళ్ళు రోజుకు నలభై మందిని చూస్తున్నారు. నేను ఇక్కడ కిటికీలోంచి ఒంటెల్ని చూస్తున్నాను."

గొంచిగ్ పొడుం బుడ్డి తీసి, మూత కూడా విప్పకుండా మళ్ళీ కోటు లోపల దోపుకున్నాడు.

మొదట వచ్చిన కుర్రాడు ఎందుకు పోయాడో అందరికీ తెలుసు. తింటుంటే వచ్చేవాళ్ళు, పడుకుంటే తలుపు బాదేవాళ్ళు. ఒకడైతే కన్ను వాచిన ఒంటెను తోలుకొచ్చి గుమ్మంలో నిలబెట్టాడు. అందుకే అనుదారి దిగిన వారంలోనే గొంచిగ్ మోటారు సైకిలు మీద నలభై రెండు గుడారాలూ తిరిగాడు. "పిల్లకు పని పెట్టొద్దు. మీ చెయ్యి మీకు కనబడనప్పుడే వెళ్ళండి" అని ఒక్కొక్కరి దగ్గరా మాట తీసుకున్నాడు. అడిగిన వెంటనే చెడు చెప్పడం అక్కడ ఎలాగూ మర్యాద కాదు. మందలో సగం చచ్చినా ముందు "బాగున్నాం" అనే అంటారు, అసలు సంగతి రెండో గిన్నె టీ దగ్గర బయటపడుతుంది. ఇచ్చిన మాట ఒకవైపు, మర్యాద ఒకవైపు. జనం రెండూ తూచా తప్పలేదు.

ఇదంతా ఆమెకు చెప్పాలని ఉంది. "జీపు ఎన్నింటికి?" అన్నాడు.

"పన్నెండింటికి."

బయటికొచ్చి మోటారు సైకిలు తన్నాడు. మూడుసార్లు తన్నితే అంటుకుంది.

మొదటి గుడారం బదర్చ్‌ది. కుక్క కట్టేసే ఉన్నా, ఆనవాయితీగా "కుక్కను పట్టుకోండి!" అని కేకేసి లోపలికి దూరాడు. కూర్చోలేదు.

"బదర్చ్, నీ కంట్లో శుక్లం ఉందిగా. ఇప్పుడే నర్సు దగ్గరకు పో."

బదర్చ్ తాపీగా పొడుం పీల్చాడు. "శరత్కాలంలో వచ్చి నోళ్ళు కుట్టేసి పోయావు. ఇప్పుడు కుట్లు విప్పడానికొచ్చావా? పెద్దరికం అంటే ఇదేనా అన్నా?"

"తిట్టు. గుర్రం మీద కూర్చుని తిట్టుకుంటూ పో. పన్నెండు లోపల ఉండాలి."

ఇంకో మూడు గుడారాలు అలాగే తిరిగాడు. ఎక్కడా టీ తాగలేదు, అదే ఒక తప్పు. గాలి ఎదురుగా కొడుతోంది. సూర్యుడివైపు చూసుకుంటూ, చక్రం కింద రాయి చూసుకోకుండా రెండుసార్లు పడబోయాడు.

ఐదోది యాంజ్మా అవ్వది. డెబ్బై దాటిన మనిషి. తలకు గుడ్డ బిగించి, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన గిన్నెలో వాంతి.

"అవ్వా, ఎలా ఉన్నావు?"

"బాగున్నాను నాయనా. మేకలు బాగున్నాయి. నువ్వు బాగున్నావా?"

"ఇటు తిరుగు."

తిరిగింది. కుడికన్ను నెత్తుటి ముద్దలా ఉంది. నల్లగుడ్డు మీద పొగమంచు కమ్మినట్టుంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"నొప్పి మొన్నటి నుంచే. అంతకుముందు దీపం చుట్టూ ఇంద్రధనస్సులా రంగులు కనిపించేవి. చలికాలమంతా చూశాను. అందంగానే ఉండేవి."

"అప్పుడే నర్సు దగ్గరకు వెళ్ళాల్సింది కదా!"

"నువ్వే కదరా చెయ్యి కనబడనప్పుడే వెళ్ళమన్నావు. రోజూ చూసుకునేదాన్ని. కనబడుతూనే ఉంది, మొన్నటిదాకా."

గొంచిగ్ అవ్వను లేపి గొర్రెతోలు కోటు తొడిగాడు. మోటారు సైకిలెక్కించుకుని, తన నడికట్టు విప్పి ఆమెను తన వీపుకు కట్టుకున్నాడు. దారి పొడవునా ఆమె తల భుజానికి తగులుతూనే ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా "మెల్లగా" అనేది. మెల్లగా పోవడానికి లేదు, పొద్దు నెత్తి మీదికొచ్చేసింది.

జీపు ఇంజను ఆడుతోంది. పెట్టెలు రెండూ వెనక ఎక్కించేశారు. అనుదారి ముందు సీట్లో కూర్చుని ఉంది. వీపు మీద మనిషిని చూసి చటుక్కున దిగింది.

అవ్వ రెండు రెప్పల మీదా అనుదారి వేళ్ళు ఆనించి, మార్చి మార్చి నొక్కి చూసింది. "ఎడమది మెత్తగా ఉంది. ఇది రాయిలా ఉంది. నీటికాసులు, కంట్లో ఒత్తిడి పెరిగిపోయింది." లోపలికి పరిగెత్తి మాత్ర మింగించింది, కంట్లో చుక్కలు వేసింది. వేస్తూ అడిగింది: "రంగులు కనిపించినప్పుడే ఎందుకు రాలేదవ్వా?"

అవ్వ గొంచిగ్ వైపు తల తిప్పింది.

అప్పటికి బదర్చ్, ఇంకో నలుగురు గుర్రాలు దిగుతున్నారు. అందరూ వింటుండగానే గొంచిగ్ చెప్పాడు. "నేనే వద్దన్నాను. పని ఎక్కువైతే పారిపోతావని. గుడారం గుడారానికీ వెళ్ళి చెప్పాను."

అనుదారి అతనివైపు తిరిగింది. "కూర్చోబెట్టి మేపితే ఉండిపోవడానికి నేనేమన్నా గొర్రెనా?" అవ్వ కన్ను చూపించింది. "ఈ కన్ను దక్కకపోవచ్చు బాబాయ్. రెండోదాన్ని కాపాడాలి. ఇవాళే జిల్లా ఆసుపత్రిలో చేర్చాలి."

ఆమె జీపువైపు తిరిగింది.

"సొద్నోమ్ అన్నా, అవ్వ పడుకోవాలి. నా పెట్టెలు దించు."

"రెండూనా?"

"రెండూ. పరుపు ఉంచు, అవ్వ కిందకి."

పెట్టెలు నేల మీదికొచ్చాయి. అవ్వను పడుకోబెట్టారు. అనుదారి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని వెనకే కూర్చుంది. గొంచిగ్ జీపు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అడగాలనుకున్న మాట ఒకటుంది. సొద్నోమే అడిగాడు: "ఆదివారం జిల్లా నుంచి ఇటు తిరిగొస్తాను. నీకు సీటు ఉంచనా చెల్లీ?"

"ఉంచు," అంది ఆమె. తర్వాత గొంచిగ్‌తో అంది: "దీపం చుట్టూ రంగులు కనిపించేవాళ్ళు ఇంకా ఉంటారు. అందర్నీ అడిగి పెట్టండి. బాగున్నామంటే నమ్మొద్దు. సొద్నోమ్ అన్నా, ఈయన ఇంకెవరి నోరైనా మూయించాడని తెలిస్తే, సోమవారం వెనక్కి పోవడానికి కూడా నాకో సీటు ఉంచు."

బదర్చ్ పకపకా నవ్వాడు. గొంచిగ్ నవ్వలేదు.

జీపు దుమ్ములో కలిసిపోయింది. గొంచిగ్ ఒక పెట్టె ఎత్తి లోపల పెట్టాడు. పుస్తకాలున్న రెండోది ఒక్కడివల్ల కాలేదు. బదర్చ్ గొణుక్కుంటూ వచ్చి రెండో కొస పట్టాడు.

"మరి నా శుక్లం?"

"ఆదివారం," అన్నాడు గొంచిగ్. ఇంకా ముప్పై ఏడు గుడారాలున్నాయి. నడికట్టు అవ్వతోనే వెళ్ళిపోయింది. కోటు గాలికి రెపరెపలాడుతుంటే ఒక చేత్తో దగ్గరకు లాక్కుని, మోటారు సైకిలు తన్నాడు. అంటుకోలేదు. మళ్ళీ తన్నాడు.