చివరిదాకా తిప్పిన డయల్

సబ్బుల కార్ఖానాలో ఆమె ఇంజనీరు. ఆమె అన్న అక్కడే మిక్సరు ఆపరేటరు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. చెల్లెలు తను పనిచేసే చోటికే ఉద్యోగానికి వచ్చిన రోజున అన్న కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ వారమంతా మిక్సరు మాటిమాటికీ ఆగిపోతోంది. మోటారు తాహతుకు మించి కరెంటు లాగితే, అది కాలిపోకుండా ఓవర్‌లోడ్ రిలే ఆపేస్తుంది. ఆగిన ప్రతిసారీ లోపలి సబ్బు ముద్ద గడ్డకడుతుంది. అన్న చొక్కా తడిసిపోయేలా దాన్ని గీకి తీస్తాడు.

"ఏం గురూ, చెల్లెలు ఇంజనీరైతే మాత్రం ఏం లాభం? నీ మిక్సరు మూలుగుతూనే ఉందిగా!" అన్నాడు పక్క మిషను మీది బక్కోడు. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు!"

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు కానీ, చెవులు ఎర్రబడ్డాయి.

ఆ చెవులు చూసి ఆమె ఆగలేకపోయింది. మోటారు ఎందుకంత లాగుతోందో ముందు వెతకాలని ఆమెకు తెలుసు. వెతకాలంటే గేర్‌బాక్సు విప్పాలి, షిఫ్టంతా మిక్సరు ఆపాలి. అన్న ఇంకోసారి నవ్వులపాలు కావాలి. ఆమె ప్యానెల్ తాళం తీసింది. మోటారుకు బిగించిన రేకు మీద చెక్కిన ఆంపియర్ల అంకె దగ్గరే ఉండాల్సిన రిలే డయల్‌ను స్క్రూడ్రైవరుతో చివరిదాకా తిప్పేసింది. ఇక మోటారు ఎంత లాగినా రిలే అడ్డుపడదు.

"ఇప్పుడు నడుపు అన్నయ్యా."

మిక్సరు మళ్లీ ఆగలేదు. "చూశావురా బక్కోడా, మా చెల్లి చెయ్యి పడిందంటే అంతే!" అని అన్న ఆ పూటంతా చెప్పుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మోటారు వైండింగు కాలిన ఘాటు వాసన షెడ్డంతా కమ్ముకుంది. గేర్‌బాక్సు విప్పి చూస్తే బేరింగు పట్టేసి ఉంది. పాపం, రిలే వారం నుంచీ మొత్తుకుంటున్నది దాని గురించే. ఆ రిలే నోరు నొక్కింది తను.

మేనేజరు వచ్చి డయల్ చూశాడు. "ఎవరు తిప్పారిది?"

ఆమె తల దించుకుంది. ఆలోపే అన్న ముందుకొచ్చాడు.

"నేనేనండి. ఊరికే ఆగిపోతోందని..."

"ప్యానెల్ జోలికెళ్లిన ఆపరేటరుకి ఇక్కడ చోటు లేదు. తెలుసా?"

"తెలుసండి."

ఒక్క మాట చాలు. ఆ ఒక్కటీ ఆమె అనలేదు. కింద చెల్లాచెదురుగా పడిన సబ్బు పెళ్లల వంక చూస్తూ, అన్న పడే చీవాట్లన్నీ పరాయి వాళ్ల గొడవలా విన్నది.

మేనేజరు వెళ్లబోయి ఆగాడు. "అవునూ, ప్యానెల్‌కి తాళం ఉంటుందిగా. నీకు తాళంచెవి ఎవరిచ్చారయ్యా?"

తాళంచెవి ఆమె మెడలో, గుర్తింపు కార్డు తాడుకే వేలాడుతోంది. ఒకరి తర్వాత ఒకరు అటే చూశారు.

"నేనే తిప్పానండి," అంది ఆమె. "అన్నయ్యకేం సంబంధం లేదు."

"ఆ ముక్క ఇందాకే చెప్పొచ్చుగా అమ్మా?"

మేనేజరు చెయ్యి చాపాడు. ఆమె తాళంచెవి తీసి ఇచ్చేసింది. అన్నను పనిలోకి పొమ్మన్నాడు. బక్కోడు కూడా కిక్కురుమనలేదు. వాడు ఏదో ఒకటి వాగి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

షిఫ్టు అయ్యాక కుళాయి దగ్గర అన్న మోచేతుల దాకా కడుక్కుంటున్నాడు. ఆమె పక్కన నిలబడింది.

"నీ ఉద్యోగం పోతుందేమోనని భయమేసి చెప్పేశాను అన్నయ్యా."

"కాదులేవే. తాళంచెవి అడిగారని చెప్పావు."

అన్న గొంతులో కోపం లేదు. అదే ఆమెకు భరించరాకుండా ఉంది.

"అబద్ధమాడినందుకు నాకేం నామోషీ లేదు," అన్నాడు అన్న, కుళాయి కట్టేస్తూ. "ఆయన నన్ను అంతేసి మాటలంటుంటే నువ్వు వింటూ నిలబడ్డావు చూడూ, అప్పుడు తలకొట్టేసినట్టయింది నాకు."

ఆమె ఏదో అనబోయింది. "పద, అమ్మ ఎదురుచూస్తుంటుంది," అని అన్న ముందు నడిచాడు. ఆమె అతని వెనకే నడిచింది, పక్కకు చేరే ధైర్యం లేక.