రెండు గీతల మధ్య

ఎంత చూస్తే చాలు? ఈ సందేహం ఆమెను ఏళ్ళ తరబడి వదల్లేదు. ఒక మనిషి మంచివాడో కాడో తేల్చడానికి ఆ పైవాడు ఎన్ని పనులు చూస్తాడోనని, పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా అనుకునేది.

మందుల గోదాములో ఆమె పని పరీక్ష. సెలైన్ సీసా మూత తీస్తే మళ్ళీ పనికిరాదు కాబట్టి అన్నీ తీసి చూడలేరు. చీటీ తీసి, వచ్చిన నంబరు సీసా ఒక్కటే తెరవాలి. గళ్ళ కాగితం మీద రెండు ఏటవాలు గీతలు ముందే గీసి ఉంటాయి. ఒక్కో సీసాకూ చుక్క ఒక గడి ముందుకు జరుగుతుంది. సీసా చెడ్డదైతే పైకీ ఎక్కుతుంది. చుక్క కింది గీత దాటితే సరుకు ఆసుపత్రికి, పై గీత దాటితే వెనక్కి. మధ్యలో ఉన్నంతసేపూ ఇంకో సీసా.

ఆ ఉదయం సెలైన్ కోసం పిల్లల వార్డు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మేనేజరు ఆమె మరిదే. అతడి అన్న, అంటే తన భర్త, పోయిన రోజు ఆలస్యంగా వచ్చాడని, అతడికి బాధ్యత లేదని అప్పుడే తేల్చేసుకుని, ఆనాటి నుంచి అతడి గడప తొక్కలేదు.

"వదినా, కింది గీతకు వెంట్రుకవాసిలో ఉంది. సంతకం పెట్టెయ్."

"దాటలేదుగా."

"నీ చేతికి చిక్కితే బంగారమైనా ఇనుమని తేలేదాకా వదలవు!"

"నచ్చినచోట ఆగితే పరీక్షెలా అవుతుందయ్యా? ఎక్కేది పసిపిల్లల నరాల్లోకి."

తర్వాతి సీసాలో మందు మసకగా ఉంది. ఆ తర్వాతది బాగుంది. ఆపైన వరసగా మసకవే. చుక్క పై గీత దాటేసింది. పిల్లలేం కావాలి? మరిది చూడనట్టు పంపించేస్తే తానేం చెయ్యగలదు?

అతడు కాసేపు కాగితం వంక చూశాడు. సరుకు వెనక్కని రాసి, ముందు తనే సంతకం పెట్టాడు. ఫోనెత్తి, తెలిసిన గోదాములన్నిటినీ బతిమాలాడు. ఒకచోట దొరికితే తనే బండి తోలుకెళ్ళి, చెమటలు కక్కుతూ పెట్టెలు దించాడు.

"వీటికీ చీటీ తియ్యి వదినా."

ఈసారి చుక్క నిదానంగా కింది గీత దాటింది. పెట్టెలు వార్డుకు వెళ్ళాయి. ఆమె చేతులు కడుక్కుని వచ్చింది.

"మీ ఇంట్లో చెల్లిని నాకూ బియ్యం పొయ్యమను. సాయంత్రం వస్తాను."

మరిది మొహం మీది చెమట తుడుచుకున్నాడు. "కొత్తింటికి పిలిచీ పిలిచీ నా గొంతరిగిపోయింది. ఒక్క పూట భోజనం బాకీ పడి ఎన్నేళ్ళయింది వదినా!" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె అతడి ఇంట్లో కడుపునిండా తిని, మారు కూడా అడిగి వడ్డించుకుంది.