తొమ్మిదో నంబరు ఇల్లు

"ఆ పట్టా కొంచెం ఇటు జరుపు బిడ్డా" అని యాడి అడిగినప్పుడు నేను ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. మిర్చి ఆరబోసే ఆ టార్పాలిన్‌ను కాలితోనే జరిపాను. ఈ సంగతి ముందుగా రాసుకోవాలి.

యాడి అంటే మా అమ్మ, పేరు కమ్లి. ఇంట్లో మేము లంబాడీ మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఫిబ్రవరి వచ్చిందంటే మా వాకిలి నిండా ఎండుమిర్చి పోసి ఉంటుంది. యాడి పొద్దున్నే వంట చేసి, గేదెకు గడ్డి వేసి, చేనుకు పోయి కాయ కోసి వస్తుంది. మధ్యాహ్నం నుంచి కుప్ప ముందు కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతుంది. ఘాటుకు దగ్గుతూనే ఉంటుంది. ఆ దగ్గు నాకు ఎంత అలవాటైపోయిందంటే, అది ఆగినప్పుడు మాత్రమే తల తిప్పి చూస్తాను.

నేను పాలిటెక్నిక్ మూడో సంవత్సరం. జూలూరుపాడు దాకా ఆటోలో వెళ్లి, అక్కడ బస్సు ఎక్కి కాలేజీకి పోతాను. పదో తరగతి దాకా ఊరి బడిలోనే చదివాను. క్లాసులో ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా గొంతు పెగలదు. అందుకే నాకు కంప్యూటర్ అంటే ఇష్టం. దాని ముందు నోరు తెరవక్కర్లేదు. చివరి ప్రాజెక్టు గురించి నిర్మలాదేవి మేడమ్ "మీ ఊళ్లో నిజంగా పనికొచ్చేది చెయ్యి సంగీతా" అన్నారు. మా తండాలో బోర్లు ఎండిపోయాయి. రోజు విడిచి రోజు ట్యాంకరు వస్తుంది, వచ్చినప్పుడల్లా కొట్లాటే. ఎవరి డ్రమ్ము నిండింది, ఎవరిది నిండలేదు అని. ఇంటికి ఒక డ్రమ్ము చొప్పున అందరికీ అందేలా ఇళ్ల జాబితా తయారుచేసే వెబ్ అప్లికేషన్ కట్టాలనుకున్నాను. సోమవారం సోమవారం ప్రింటు తీసి ట్యాంకరు డ్రైవర్ జంపయ్యకు ఇస్తే, అతను చూసి పోస్తాడు.

వెబ్ అప్లికేషన్లు కట్టడానికి మేము కాలేజీలో నేర్చుకున్న సాధనం పేరు జాంగో. అందులో డేటాబేస్ పట్టికల కోసం వేరే భాష రాయనక్కర్లేదు. ఇల్లంటే ఏమిటి, మనిషంటే ఏమిటి అని మనం ఎలా అనుకుంటామో కోడ్‌లో ఒక 'క్లాసు'గా రాస్తే చాలు, పట్టిక అదే కట్టుకుంటుంది. దాన్ని మోడల్ అంటారు. మనం అనుకున్నట్టే కట్టి పెడుతుందన్నది అప్పుడు నాకు గొప్పగా అనిపించింది. ఇప్పుడు అదే తలుచుకుంటే సిగ్గేస్తోంది. ల్యాబ్ మాన్యువల్‌లో ఉదాహరణగా కస్టమర్ ఉన్నాడు, అతని ఆర్డర్లు ఉన్నాయి. కస్టమర్‌ని తీసేస్తే అతని ఆర్డర్లన్నీ వాటంతట అవే పోవాలని ఒక మాట రాసి ఉంది. నేను ఆ కోడ్‌నే ఎత్తి రాసుకున్నాను. కస్టమర్ చోట యజమాని అని పెట్టాను. ఆర్డర్ల చోట సభ్యులు అని పెట్టాను. చివరి మాట అలాగే ఉంచాను. మా యాడిని, చిన్నమ్మలను, చెల్లెళ్లను ఆర్డర్ల చోట కూర్చోబెడుతున్నానని ఒక్కసారి కూడా తట్టలేదు.

తర్వాత మేడమ్ 'వృత్తి' అనే కాలమ్ కలపమన్నారు. కొత్త కాలమ్ కలిపితే, ఇప్పటికే ఉన్న వరుసల్లో ఏం నింపాలని జాంగో అడుగుతుంది. ఏదో ఒకటి చెప్పేదాకా ముందుకు పోదు. నేను అరుగు మీది నుంచే "యాడీ, నీ పని ఏమని రాయాలె?" అన్నాను. మంచం మీద పడుకున్న బా, అంటే మా నాన్న గోప్యా, కళ్లు తెరవకుండానే అన్నాడు.

"మీ అమ్మకేం పని బిడ్డా, ఇంట్లనే ఉంటది."

యాడి మిరపకాయల్లో చేతులు పెట్టుకునే నవ్వింది. "అవ్, నాకేం పని."

నేను 'ఇంట్లోనే' అని టైపు చేసి ఎంటర్ నొక్కాను. ఒక్క దెబ్బకు తండాలో ఉన్న అందరి వరుసల్లో 'ఇంట్లోనే' అని పడింది. తర్వాత మగవాళ్ల వరుసలు మాత్రం ఒక్కొక్కటి తెరిచి దిద్దాను. రైతు, ఆటో డ్రైవర్, మేస్త్రీ. ఆడవాళ్లవి దిద్దలేదు. నాకు నాలుగు మూరల దూరంలో యాడి దగ్గుతూనే ఉంది.

మొదటి ప్రింటు చూసి బా సంతోషపడ్డాడు. వేలు పెట్టి పేర్లు చదువుతూ తొమ్మిదో నంబరు దగ్గర ఆగాడు. అది బలరాం చిన్నాయన ఇల్లు. పోయిన వానాకాలం జ్వరమొచ్చి చనిపోయిన మా బా తమ్ముడు.

"చచ్చినోని పేరు ఎందుకు బిడ్డా? చూస్తే పానం కలుక్కుమంటది. తీసెయ్."

తీసేశాను. తీసేముందు ఒక పేజీ వచ్చింది. ఇతనితో పాటు ఇవి కూడా పోతాయి, సరేనా అని. కింద రెండు పేర్లు. చిన్నాయన భార్య శ్రావణి చిన్నమ్మ, ఆమె కూతురు. చూడలేదని రాసుకుందామనుకున్నాను. చూశాను. ఆ రోజే ప్రాజెక్టు రివ్యూ ఉంది, బస్సుకు టైమవుతోంది. కంప్యూటర్ ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది, మనం అవునంటూనే ఉంటాం. అవునన్నాను. రివ్యూలో మేడమ్ బాగుందన్నారు.

ఆ జాబితానే జంపయ్యకు ఇచ్చాను, వారం దాటింది. ఒక పొద్దున యాడి మా డ్రమ్ములోంచి రెండు బిందెలు ముంచి బయటికి మోసుకుపోతుంటే చూశాను.

"ఎటు పోతున్నవ్ యాడీ?"

"శ్రావణి చెల్లెకు. ఆమెకు నీళ్లు పోస్తలేరు, లిస్టుల లేదంట."

"ఎప్పటికెల్లి?"

"మూడు మాట్లయింది."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్ పరీక్షకు చేసుకుంటున్నవ్ కద. నీ పని పాడైతదని."

నా పని. అప్పుడు చూశాను ఆమె చేతుల్ని. మిర్చి ఏరిన చేతుల్ని నీళ్లు చాలక రోజూ బియ్యం కడిగిన కుడితిలోనే ముంచి తుడుచుకుంటోంది. వేళ్ల సందుల్లో ఎర్రగా పొక్కి ఉంది. ఒక ఇంటి నీళ్లను రెండిళ్లకు సర్దుతున్న మనిషి నా పట్టికలో 'ఇంట్లోనే' ఉంది.

చిన్నమ్మ ఇంటికి పోయాను. ఆమె గడప దగ్గర కూర్చుని కూతురికి జడ వేస్తోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

"జంపయ్యను అడగలేదా చిన్నమ్మా?"

"ఒక్కపాలి అడిగిన. లిస్టుల లేవమ్మా, కంప్యూటర్ల తీసేసిండ్రు అన్నడు. మల్ల అడగలే. మీ చిన్నాయన పోయినంక అన్నిట్ల గిట్లనే ఐతాంది కద బిడ్డా. పెండ్లిళ్లకు పిలుస్తలేరు. నీళ్లు గూడ గంతేననుకున్న."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను చెప్పేసేదాన్నేమో. "సరే చిన్నమ్మా" అని లేచి వచ్చేశాను. అంతే అన్నాను. సరే చిన్నమ్మా.

పేరు మళ్లీ ఎక్కించడం ఒక్క నిమిషం పని. ఎక్కించి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కంప్యూటర్ పొరపాటు అంటే జంపయ్య నమ్ముతాడు, మేడమ్ నమ్ముతారు, చిన్నమ్మ అయితే అడగనే అడగదు. మూడు సార్లు ఖాళీ బిందె పట్టుకుని అందరి ముందు నిలబడి వెనక్కి తిరిగిపోయింది ఆమె. నలుగురిలో నిలబడటమంటే ఎలా ఉంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నేనేమో అరుగు మీద కూర్చుని ఆమెను చెరిపేశాను.

మోడల్స్ అన్నీ తీసేసి మొదటి నుంచి రాశాను. ముందు ఇల్లు, దానికొక నంబరు. ఆ ఇంట్లో మనుషులు, ఎవరి వరుస వాళ్లదే. ఒకరు పోతే మిగిలినవాళ్లు ఇంట్లోనే ఉంటారు. వృత్తి కాలమ్‌కు ముందే నింపిపెట్టే మాట ఏదీ ఇవ్వలేదు. ఖాళీగా వదిలితే ఫారం సేవ్ కాదు. అంటే ఒక్కొక్కరినీ అడగాలి. నోరు తెరవక్కర్లేదని కంప్యూటర్ చదువు ఎంచుకున్నదాన్ని, రెండు రోజులు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను అడిగాను. అందరూ ముందు యాడి అన్న మాటే అన్నారు. "మరి పొద్దున లేచి ఏం చేస్తవ్?" అంటే అప్పుడు మొదలుపెట్టేవాళ్లు. ముసలి ముత్యాలమ్మ అయితే, "గన్ని రాస్తే నీ కంప్యూటర్ బరువెక్కదా పిల్లా? నోట్ల పండ్లు ఎన్నున్నయో గూడ లెక్కవెట్టుకో" అని నోరు తెరిచి చూపించింది. నేను ఆ కాలమ్‌కు వంద అక్షరాలే ఇచ్చాను. రెండో ఇంటి దగ్గరే అవి చాల్లేదు. పెంచాల్సి వచ్చింది.

సోమవారం పొద్దున ట్యాంకరు వచ్చింది. డ్రమ్ములు వరుసగా పెట్టి ఉన్నాయి. జంపయ్య చేతిలోకి కాగితం ఇవ్వబోయి ఆగాను.

"అన్నా, ఇయ్యాల నేను చదువుత."

"నువ్వా? నీ గొంతు నాకే ఇనబడదు, ఆళ్లకేం ఇనబడుతది?" అని నవ్వాడు కానీ పక్కకు జరిగాడు.

ఒకటో నంబరు నుంచి చదివాను. "తొమ్మిదో నంబరు. శ్రావణి." ఎవరూ కదల్లేదు. చిన్నమ్మ యాడి దగ్గర బిందె నింపించుకుందామని వచ్చి వెనకాల నిలబడి ఉంది. తనను కాదన్నట్టు అటూ ఇటూ చూసింది.

"చిన్నమ్మా, నిన్ను తీసేసింది తండా కాదు. కంప్యూటర్ గూడ కాదు. నేనే తీసేసిన. నీ పేరు కనబడ్డది. చూసి గూడ నొక్కిన."

అందరూ నా వైపే చూశారు. మొహం మిర్చి పూసినట్టు మండింది. చిన్నమ్మ నా మొహం చూడలేదు. ఇంటికి పోయి ఖాళీ డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చి వరుసలో తన చోట నిలబెట్టింది. జంపయ్య పైపు అందులో పెట్టాడు. ఆ నీళ్ల చప్పుడు ఆగేదాకా నేను తల ఎత్తలేకపోయాను.

"పన్నెండో నంబరు. కమ్లి, గోప్యా, సంగీత."

బా ముందుకొచ్చి నా చేతిలో కాగితం తీసుకున్నాడు. పైనుంచి కిందికి చూశాడు. తిప్పి వెనక కూడా చూశాడు.

"ఏంది బిడ్డా, యజమాని ఎవరని ఎక్కడ రాసినవ్?"

"ఆ కాలమ్ తీసేసిన, బా."