నొక్కితే నీళ్లొదిలే మట్టి

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తాను ల్యాబ్‌లో మట్టి జల్లిస్తూ ఉండగా, అక్కడ పిన్ని ఇంట్లో పాప నిద్రపోతున్న గది కింద నేల జారిపోతుందేమోనని. జ్వరాలకూ కుక్కలకూ లారీలకూ కూడా భయపడేది గానీ, అవన్నీ దీని తర్వాతే.

ఈ మాట ఎప్పుడైనా పైకి అంటే నవ్వేవాళ్లు. "నేల జారడమేంటమ్మా, అదేమన్నా సబ్బు ముక్కా?" అనేవాడు ల్యాబ్‌లో గాజు సిలిండర్ల దగ్గర పనిచేసే అన్న. అతన్ని అందరూ సిలిండరన్న అంటారు, ఆమెను జల్లెడమ్మ అంటారు. ల్యాబ్ నడిపే మేడానికి ఏ పేరూ పెట్టలేదు, అంత ధైర్యం ఎవరికీ లేదు.

పిన్ని అయితే ఇంకాస్త ముందుకు వెళ్లేది. "ముప్పై ఏళ్లుగా నన్ను మోస్తోందే ఈ నేల. నీ కూతురు బరువెంత? పిల్లి కూన. దాన్ని మోయలేక కూలబడుతుందా?"

పిన్ని ఇల్లు వాగు పక్కన రెండో మెట్టు మీద ఉంది. ఆ వాగు ఒకప్పుడు చాలా ఎత్తున పారేది. కాలం గడిచేకొద్దీ నేలను కోసుకుంటూ దిగింది. దిగినప్పుడల్లా తన పాత అడుగును పక్కన వదిలేసింది. అలా మిగిలిన చదును నేలలు ఇటూ అటూ మెట్లలా కనిపిస్తాయి. ఎగువన ఒక నిప్పుకొండ ఉంది. ఎవరి తాతముత్తాతలూ ఎరగని కాలంలో అది కక్కిన బూడిద కొండల మీద పడి, వానలకు కొట్టుకొచ్చి, వాగు ఒండ్రుతో కలిసి ఈ మెట్ల మీద పేరుకుంది. నల్లగా, దూదిలా తేలిగ్గా ఉంటుంది ఆ మట్టి. బూట్లేసుకుని నడిస్తే పరుపు మీద నడిచినట్టుంటుంది. పిన్ని అందులో క్యాబేజీ పండిస్తుంది.

పాప తండ్రి లారీ మీద వెళితే వారానికో పది రోజులకో గానీ రాడు. అందుకే మూడేళ్ల పాపను పొద్దున్నే పిన్ని దగ్గర దింపి, ఆమె ల్యాబ్‌కి వెళ్లేది. ఎనిమిదో తరగతిలో బడి ఆగిపోయిన మనిషికి దొరికిన మంచి ఉద్యోగం అది. సంచుల్లో వచ్చిన మట్టిని ట్రేల్లో పరిచి ఆరబెట్టాలి. గడ్డల్ని చెక్క సుత్తితో నలగ్గొట్టాలి. జల్లెడ పట్టి డబ్బాల్లో పోసి, చీటీ అంటించాలి. నాలుగేళ్లలో ఒక్క డబ్బా తారుమారు కాలేదు. తారుమారవుతుందేమోనని ప్రతి చీటీనీ మూడుసార్లు చదివేది.

ఆ ఏడాది మూడో మెట్టు మొదట్లో, అంటే పిన్ని పెరటికి కాస్త పైన, సాగునీటి కాలువ తవ్వాలనుకున్నారు. ముందు మట్టి ఎలాంటిదో చూడమని ల్యాబ్‌ను అడిగారు. ఇసుక మట్టి అయితే ఇబ్బంది లేదు, కాలువలోంచి ఇంకిన నీరు కింది గులకరాళ్లలోకి దిగిపోతుంది. నీటిని పట్టి ఉంచే మట్టి అయితే వేరే లెక్క. తాగి తాగి బరువెక్కి, ఏదో ఒకరోజు మెట్టు అంచుతో సహా కిందికి కూలుతుంది. ఆ అంచుకు పాతిక అడుగుల్లో పిన్ని ఇల్లు.

మూడు గోతులు తవ్వారు, ఒకటి పిన్ని క్యాబేజీ మడిలోనే. ఒక్కో గోతి నుంచి మూడు పొరల మట్టి తీశారు. మొత్తం తొమ్మిది సంచులు. ప్లాస్టిక్ కవర్లలో బిగించి, "తడిగానే ఉంచాలి" అని చీటీ రాసి ల్యాబ్‌కు పంపి, మేడం ఇంకో పని మీద వేరే చోటికి వెళ్లారు.

చీటీ ఆమె మూడుసార్లూ చదివింది. అయినా మనసొప్పలేదు. తడి మట్టిని పరీక్షించడం నాలుగేళ్లలో ఎప్పుడూ చూడలేదు. పైగా కవర్ల లోపల నీటి చెమట పట్టింది. రెండు రోజులకు ఒక సంచిలో తెల్లగా ఏదో నూలుపోగులా కనిపించింది. బూజు! మట్టి పాడైతే పడేది తన మీదే. ఆ రోజే పాపకు ఒళ్లు కాస్త వెచ్చగా ఉందని పిన్ని ఫోన్ చేసింది. త్వరగా ఇంటికి వెళ్లాలి. దారిలో మట్టి ఎండిపోకూడదని రాసుంటారు, ఇక్కడికి వచ్చాక ఆ చీటీతో పనేముంది అని తనకు తానే సర్దిచెప్పుకుంది. తొమ్మిది సంచులూ విప్పి, ట్రేల్లో పోసి, ఓవెన్‌లో పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు నలగ్గొట్టి, జల్లించి, డబ్బాల్లో పోసింది. చక్కెరలా గరగరలాడుతూ హాయిగా జారింది మట్టి. బూజు మాట ఎవరికీ చెప్పలేదు.

సిలిండరన్న ఆ మట్టిని నీళ్లలో కలిపి, ఎంతసేపట్లో అడుక్కి దిగుతుందో చూశాడు. వేసింది వేసినట్టే దిగిపోయింది. "పక్కా ఇసుక" అన్నాడు.

మేడం తిరిగొచ్చి కాగితం చూసి కనుబొమలు ముడిచారు. "బూడిద ఎక్కువుంటుందనుకున్నానే. వాగు ఇసుకే ఎక్కువ కలిసినట్టుంది." అంతకుమించి అనలేదు. యాభై శాంపిళ్లు ఇంకా పక్కన కూర్చుని ఉన్నాయి. రిపోర్టు మంగళవారం వెళ్లాలి.

ఆ మాట విని అందరికన్నా ఎక్కువ ఊపిరి పీల్చుకున్నది ఆమే. ఇసుకేనట. జారదట. ఆ వారం కంటి నిండా నిద్రపోయింది.

ఆదివారం పిన్ని ఇంటికి వెళితే, పాప పెరట్లో గోతి పక్కన గుట్టగా పోసిన మట్టి దగ్గర ఆడుతోంది. గుట్ట మీద పిన్ని పాత ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచింది. పాప దాన్ని ఎత్తి, లోపల చెయ్యి పెట్టి, ఒక ముద్ద తెచ్చింది.

"అమ్మా, ఇది ఉచ్చ పోసింది!"

"ఛీ, ఏంటే అది?"

"నేను కాదు. ఇదే పోసింది. చూడు!" పాప ముద్దను పిసికింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

ఆమె ఆ ముద్దను తీసుకుంది. చూడ్డానికి పొడిగానే ఉంది, గట్టిగా నిలిచింది. బొటనవేలితో రుద్దితే ఒక్కసారిగా మెత్తబడి, వెన్నలా జారుతూ, వేలు తడి చేసింది. రుద్దడం ఆపగానే మళ్లీ గట్టిపడింది. మళ్లీ రుద్దింది. మళ్లీ నీళ్లే. ఇది చక్కెరలా గరగరలాడిన మట్టి కాదు. కానీ వచ్చింది ఈ గోతిలోంచే. మధ్యలో జరిగింది ఒక్కటే, తన ఓవెన్.

పాపను ఎత్తుకుని గుమ్మం దాకా పరిగెత్తి, మళ్లీ వెనక్కి వచ్చి, ఒక ముద్దను డబ్బాలో పెట్టుకుంది.

"మట్టి మా ఇంట్లోంచి దొంగతనమా? మీ ల్యాబ్‌లో లేదా?" అంది పిన్ని.

"ఉంది పిన్నీ. అదే గొడవ."

సోమవారం పొద్దున్నే రెండు గ్లాసుల్లో నీళ్లు పోసింది. ఒకదాంట్లో తాను ఎండబెట్టిన మట్టి, ఇంకోదాంట్లో పచ్చి ముద్ద. సాయంత్రానికి పచ్చిది కరిగి నీళ్లన్నీ బురదయ్యాయి. ఎండిన గింజలు గింజల్లానే అడుగున కూర్చున్నాయి, పైన నీళ్లు తేటగా ఉన్నాయి. పొద్దంతా నానినా ఒక్క గింజ మెత్తబడలేదు.

చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఎనిమిదో తరగతికి మళ్లీ ఎవరిస్తారు? చెప్పకపోతే రేపు రిపోర్టు వెళుతుంది, కాలువ వస్తుంది. రెండు గ్లాసులూ పట్టుకుని మేడం గది ముందు ఎంతసేపు నిలబడిందో ఏమో, సిలిండరన్న వచ్చి "ఏంటి జల్లెడమ్మా, మేడానికి జ్యూసా?" అన్నాడు. ఆ మాటకు లోపల్నుంచి మేడం తలెత్తారు. ఇక తప్పలేదు.

అంతా చెప్పింది. చీటీ చదివానని కూడా చెప్పింది.

మేడం గ్లాసుల్నే చూస్తున్నారు. "ఎన్ని సంచులు?"

"తొమ్మిది మేడం."

"ఒక్కటీ మిగల్లేదా?"

"లేదు మేడం."

"బూడిద మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే మళ్లీ మామూలుగా తడవదు. బంకమట్టి అయినా ఇసుకలా గడ్డకట్టి కూర్చుంటుంది. అందుకే ఆ చీటీ రాశాను." గ్లాసులు పక్కకు జరిపి, "నేనూ అనుమానం వచ్చి వదిలేశాను" అన్నారు. తర్వాత కుర్చీలోంచి లేచారు. "రేపు పొద్దున్నే బయల్దేరదాం. నువ్వూ రా."

మర్నాడు గోతి గోడను పారతో గీకి కొత్త మట్టి తీశారు. మేడం కాగితం ముక్క మీద చిటికెడు మట్టి పెట్టి, చిన్న సీసాలోంచి రెండు చుక్కలు వేశారు. కాగితం గులాబీ రంగైంది, చూస్తుండగానే ఎర్రబడింది. "బూడిదే. బాగా ఉంది" అన్నారు.

పక్కనే నిలబడ్డ పిన్ని పాదం ముందుకు పెట్టింది. "నా మోకాలి మీద కూడా రెండు చుక్కలు వెయ్యమ్మా, నొప్పి ఎందుకో తేలిపోతుంది."

"విషం పెద్దమ్మా ఇది."

"అయితే వద్దులే. నొప్పే నయం."

ఈసారి సంచులు ఓవెన్ ముఖం చూడలేదు. ఆ మట్టి తన ఎండు బరువుకు దాదాపు సమానంగా నీటిని పట్టి ఉంచుతోందని తేలింది. కాలువను అక్కడ తవ్వొద్దని మేడం రాశారు, దాన్ని అవతలి ఒడ్డుకు మార్చారు. జల్లెడమ్మకు ఒక మెమో వచ్చింది. ఉద్యోగం పోలేదు గానీ బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న పెద్ద ల్యాబ్‌కు బదిలీ అయింది. అక్కడ వెనక గదిలో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ ఉంది. పాప ఇప్పుడు సిమెంటు నేల మీద పడుకుంటుంది.

అలా భయం సగం తీరింది. మిగిలిన సగం పిన్ని. కాలువ రాకపోయినా వాన వస్తుంది కదా. కొత్త మట్టి తీసిన రోజే, వెళ్లేముందు మేడం మెట్టు అంచు వెంట నడిచి, పిన్ని ఇంటి వెనక సన్నటి బీట ఒకటి చూశారు. దానికి ఇటొక మేకు, అటొక మేకు కొట్టించి, మధ్యలో కాస్త వదులుగా తాడు కట్టించారు. "తాడు బిగిసిందంటే బీట పెరిగినట్టు, ఆ రోజే ఇల్లు వదిలెయ్యాలి" అన్నారు. తాను బదిలీ మీద వెళ్లేటప్పుడు, ఇల్లు వదిలి తన వెంట రమ్మని ఆమె రెండు రోజులు బతిమాలింది. "నా క్యాబేజీలు నీ సిమెంటు మీద వేస్తానా?" అంది పిన్ని.

ఆమె రోజూ ఫోన్ చేస్తుంది. "తాడు వదులుగానే ఉందే తల్లీ" అంటుంది పిన్ని, అవతల పొయ్యి మీద గిన్నె చప్పుడవుతుండగా. పెరట్లోకి వెళ్లి చూడకుండానే అంటుందని ఆమెకు తెలుసు. వానలు మొదలై ఇవాళ్టికి ఆరు రోజులు. పాపకు జ్వరం, ఆమె వెళ్లి చూసే వీలు లేదు.

అందుకని మీలో ఎవరైనా ఆ వాగు వైపు వెళ్లే పని ఉంటే, రెండో మెట్టు మీద నీలం తలుపు ఇంటి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పిన్నిని పలకరించండి, కానీ ఆమె మాట నమ్మి వెనుదిరగకండి. ఇంటి వెనక్కి వెళ్లి తాడును వేలితో తాకి చూడండి. బిగిసి ఉంటే ఆమెను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురండి, తిట్టినా సరే.