గుమ్మటం కింది మాట

జనగామ పాత తహసీల్ కచేరిలో పొద్దున్నే తలుపులు తీసేది అటెండర్ ముత్యం. బల్లలు తుడిచి, కుండలో నీళ్లు నింపి, నడిమి హాల్లో గుమ్మటం కింద కాసేపు చెవి పెట్టి నిలబడతాడు. ఏమైనా పాత మాట వస్తున్నదేమోనని. నిజాం కాలంలో డంగు సున్నంతో కట్టిన గుమ్మటం అది. దాని కింద అన్న మాట వెంటనే పోదు. గోడల్లోకి ఇంకిపోయి, తనకు తోచినప్పుడు మళ్లీ వినపడుతుంది. వారానికి రావచ్చు, పాతికేళ్లకు రావచ్చు. అది వచ్చినప్పుడు మాట్లాడేవాళ్లు ఆగుతారు, రాసేవాళ్లు పెన్ను పైకెత్తి పెడతారు. మాట అయిపోగానే పని మొదలవుతుంది. రోడ్డు మీద బర్లు అడ్డమొస్తే బండి ఆపుకోమా, అంతే. గుట్టు ఉన్నవాళ్లు మాత్రం బయట వేపచెట్టు కిందే మాట్లాడుకుని, నోరు మూసుకుని లోపలికి వస్తారు.

ఆ రోజు భాగ్య అందరికన్నా ముందే వచ్చింది. హనుమకొండలో పాత కట్టడాల కొలతలు తీసి బొమ్మలు గీసే ఆఫీసులో ఆమెకు ఉద్యోగం. ఈ కచేరిని గీయాలని ఎన్నాళ్లుగానో కోరిక. పర్మిషన్ దొరికిన రోజే తమ్ముడు ధర్మేందర్ కూడా ఇక్కడికే రమ్మన్నాడు. బాపు బాలనర్సయ్య పోయి ఏడాది దాటింది. ఆయన రెండెకరాలు కొడుకు ఒక్కడి పేరు మీదికి ఎక్కాలంటే బిడ్డ భాగ్య ఒప్పుకొని సంతకం పెట్టాలి.

ధర్మేందర్ వేపచెట్టు కిందే చెప్పవలసింది చెప్పేశాడు. "అక్కా, లోపల ఏం మాట్లాడకు. సంతకం వెట్టు, సాలు. పండుగకు చీరె ఎన్నడన్న తప్పిననా? నీకు వేరే ఏదన్న చేస్త."

"సరే తియ్ తమ్మీ. జర గీ దర్వాజ కొలుచుకొని వస్త."

దర్వాజ అయింది. దాని తర్వాత కమాన్లు, కమాన్ల తర్వాత కిటికీల జాలీలు. గోడ మందం చూద్దామని కిటికీలోంచి చెయ్యి చాపితే ఆమె చెయ్యి అవతలికి అందనే లేదు. ధర్మేందర్ కాలుగాలిన పిల్లిలా వెంట వెంటే తిరుగుతున్నాడు. లింగాల ఘనపూర్‌లో అతనికి ఎరువుల దుకాణం. నిమిషానికో ఫోను. ఫోను మోగినప్పుడల్లా వరండాలోకి పరిగెత్తుతాడు, మాట్లాడి వస్తాడు.

"జర గీ టేపు కొస పట్టుకో తమ్మీ, హాలు వెడల్పు చూద్దాం" అన్నది భాగ్య.

అతను తల అడ్డంగా ఊపి, చేతి గడియారం చూపించాడు.

గోడ మందంలోనే తొలిచినట్టు సన్నటి మెట్లున్నాయి. వాటిమీదుగా ఆమె పైకి ఎక్కింది. అతనూ ఆయాసపడుతూ ఎక్కాడు. పైన ఎండ చుర్రుమంటోంది. రైలు పట్టాలు దూరంగా మెరుస్తున్నాయి.

"ఏందక్కా గిది? సంతకం వెట్టుడు ఇష్టం లేకపోతె చెప్పరాదు?" అన్నాడు. ఇక్కడి మాటలు గాలికి పోతాయని ధైర్యం.

ఇష్టం లేదు. ఆ మాటే నోటికి రావడం లేదు. పొలం అమ్ముకుని తినాలని కాదు. బాపు దున్నిన మట్టిలో ఒక మూల తనదనిపించుకోవాలని ఆశ. అడిగితే ఆ పండుగ చీర కూడా ఉండదని, తమ్ముడు ముఖం తిప్పుకుంటాడని భయం. అందుకే ఇన్ని కొలతలు. ఇంకో సంగతి కూడా ఉంది. బాపు ఈ కచేరి చుట్టూ ఏళ్లకేళ్లు తిరిగాడు. గుమ్మటం కింద ఎప్పుడో ఒకప్పుడు బిడ్డ గురించి ఒక్క మాటైనా అని ఉండడా? ఆ మాట ఈ రోజే వస్తే ఎంత బాగుండు. ధర్మేందర్ కూడా దానికే భయపడుతున్నాడని ఆమెకు తెలుసు. అక్క గుమ్మటం వైపు చూసినప్పుడల్లా వాడి చూపూ అటే పోతున్నది.

కిందికి దిగేసరికి ముత్యం చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. పెన్నులు లేచాయి. పైనుంచి బాలనర్సయ్య దగ్గు వినపడింది. భాగ్య గుమ్మటం కిందికి రెండడుగులు వేసింది.

"సారు లేడా?" అన్నాడు బాలనర్సయ్య. "అయితె మల్లొస్త."

అంతే. పెన్నులు దిగాయి. ధర్మేందర్ హమ్మయ్య అనుకుని చెమట తుడుచుకున్నాడు. భాగ్యకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏడాది తర్వాత బాపు గొంతు వినపడితే, అది కూడా సారు కోసం. టేపు చుట్టేసి సంచిలో పడేసి, తహసీల్దార్ కళ్యాణి బల్ల ముందుకు వెళ్లి కూర్చున్నది.

కాగితం ముందుకు జరిగింది. ఆమె పెన్ను తీసుకుని 'భా' అని రాసింది. అప్పుడే ముత్యం మళ్లీ చెయ్యెత్తాడు.

ఈసారి వచ్చింది చిన్నపిల్లాడి గొంతు. "బాపూ, సారు లడ్డిచ్చిండు. సగం అక్కకు."

"నువ్వు తిను బిడ్డా" అన్నాడు బాలనర్సయ్య. "అక్కకు వేరే కొనుక్కపోదాం."

"వేరే వద్దు. గీ లడ్డే, గిండ్లకెల్లే సగం ఇయ్యాలె."

"అరే, వేరేది ఇంకా పెద్దది కొంట."

"వద్దు. గిండ్లకెల్లే."

భాగ్యకు జ్వరంతో పడుకున్న రోజు ఒకటి గుర్తొచ్చింది. అవ్వ నుదుటిమీద తడిగుడ్డ వేస్తుంటే తమ్ముడు ఉరికి వచ్చి, నిక్కరు జేబులోంచి నలిగిన సగం లడ్డు తీసి నోట్లో పెట్టాడు. దారాలు అంటుకుని ఉన్నా తిన్నది. ఆ సగం కోసం వాడు బాపుతో కొట్లాడి వచ్చాడని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

ధర్మేందర్ తల పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. జేబులో ఫోను మోగుతున్నది. తీయలేదు.

"సంతకం పూర్తి చెయ్యమ్మా" అన్నది కళ్యాణి.

భాగ్య పెన్ను ఆనించబోయింది. కాగితం మీద తమ్ముడి అరచెయ్యి పడింది. పొద్దుటినుంచి గుమ్మటం కింద నోరు విప్పనివాడు, గోడలన్నిటికీ వినపడేలా అన్నాడు. "మేడం, గిది ఆపుండ్రి. గిండ్లకెల్లే సగం మా అక్కకు."

కళ్యాణి ఒకసారి ఇద్దరినీ చూసి, కాగితం పక్కన పెట్టింది. ముత్యం కొత్తది తేవడానికి లోపలికి వెళ్లాడు. భాగ్య కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కాసేపటికి ధర్మేందర్ ఆమె సంచిలోంచి టేపు తీశాడు. కొస పట్టుకుని అవతలి గోడదాకా నడిచాడు.

"జర గట్టిగ వట్టుకో అక్కా" అన్నాడు. "హాలు వెడల్పు చూడాలె గదా."