తాతగారి సాక్సులు

తాతగారి కుడికాలి సాక్సు లాగేశాను. బొటనవేలు బొగ్గులా నల్లబడి ఉంది. గదంతా కుళ్ళు వాసన.

"తాతగారూ! ఏంటిది? ఎన్నాళ్ళ నుంచి?"

ఆయన బామ్మగారి వైపు చూశారు. బామ్మగారు గోడ వైపు చూశారు.

నేను ఇళ్ళకెళ్ళి రోగుల్ని చూసుకునే నర్సుని. తాతగారికి షుగరు. రోజూ ఇన్సులిన్ ఇచ్చి, పాదాలు కడిగి, వేళ్ళ సందులు చూడాలి. ఆ పాదాలకే ఎక్కువసేపు పడుతుంది. మా ఆఫీసుకి కొత్త మేనేజరొచ్చాడు మహానుభావుడు! ఎంత త్వరగా ముగిస్తే అంత మంచి నర్సని తేల్చేశాడు. లోపలికెళ్ళగానే ఫోన్లో నొక్కాలి, బయటికొచ్చాక మళ్ళీ నొక్కాలి. ఆలస్యమైతే ఆఫీసు గోడమీది తెరలో పేరు ఎర్రగా పడుతుంది. నాదెప్పుడూ ఎరుపే. ఉద్యోగం ఊడేట్టుందని ఓ రోజు ఈ మంచం పక్కనే కూర్చుని ఏడ్చాను. నా నోరు పడిపోనూ!

ఆ మర్నాటి నుంచి నేనొచ్చేసరికి తాతగారు సాక్సులు తొడుక్కుని సిద్ధంగా ఉండేవారు. "మీ బామ్మ కడిగి, చూసేసిందమ్మా. భేషుగ్గా ఉన్నాయి. నువ్వు బయల్దేరు" అనేవారు. నమ్మాను. మొన్న నా పేరు పచ్చగా పడిందని మేనేజరు అందరిచేతా చప్పట్లు కొట్టించాడు కూడా. ఇవాళ గదిలోకి రాగానే ఏదో వాసన తగిలి, వద్దంటున్నా వినకుండా సాక్సు లాగాను.

"చూశానన్నారుగా బామ్మగారూ?"

"నాకు చూపెక్కడేడ్చిందే తల్లీ? తడిమి చూశాను. బాగానే తగిలింది."

"మీకు నొప్పైనా తెలియలేదా తాతగారూ?"

"అస్సల్లేదమ్మా. అందుకే ఏం కాలేదనుకున్నా."

షుగరు ముదిరిన పాదానికి నొప్పి తెలియదు. అందుకే కదా రోజూ కళ్ళతో చూడమనేది!

"మీ ఇద్దరికీ బుద్ధుందా అసలు?" అని అరిచేశాను. వెంటనే డాక్టరుగారికి ఫోటో పంపాను. అంబులెన్సు పంపిస్తున్నానన్నారు. వేలెలాగూ పోయింది, కాలు దక్కేదీ లేనిదీ తీసుకొచ్చాక చెప్తానన్నారు. దాచడం నా వల్ల కాలేదు. ఏడుస్తూనే తాతగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన పాదం వైపు చూశారు. తర్వాత నా భుజం తట్టారు.

"పోనీలే, ఏడవకమ్మా. కాలు తీసేస్తే ఇక నువ్వు చూడాల్సింది ఒక్క పాదమేగా. ఇంకా త్వరగా తెమిలిపోతావు."

ఆయన నవ్వులాటకి అనలేదు. నాకు మేలు జరుగుతుందనే అన్నారు.